పిన్ని వేళ్ళ మీద కొత్త చర్మం

పలాసలో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తొక్కలోంచి కారే నూనె తగిలితే చర్మం కాలినట్టు పొక్కి ఊడిపోతుంది. మా పిన్ని చెయ్యి మొన్న అలాగే అయింది. నాకు టెన్షన్. ఆవిడకేమో "ఏటవుద్ది, అదే మానిపోద్ది."

అదే ఎలా మానుతుందో చదువుతూ కూర్చున్నాను. పుండు అంచున ఉన్న కణాలు కొన్ని గంటల్లోనే కింది పొర మీద పట్టు సడలించి, చదునుగా సాగి, ఖాళీ వైపు పాకుతాయి. ఒక్కొక్కటిగా కాదు, పక్కదాన్ని వదలకుండా పొరంతా ఒకేసారి కదులుతుంది. ముందున్నవే లాగుతాయనుకున్నాను. కానీ ఒడ్డు నుంచి పెద్ద వల లాగే మన జాలర్లలాగే వెనక వరుసలు కూడా లాగుతాయి. కణాల విభజన (ఒకటి రెండవడం) ఎక్కువగా జరిగేది కూడా అంచుకు కాస్త వెనకే. రెండు వైపుల అంచులూ కలిశాక పాకడం ఆగిపోతుంది.

పుండుని ఆరనివ్వాలని మన పెద్దవాళ్ళు అంటారు కదా (నేనూ నమ్మాను). 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో తేమగా కప్పి ఉంచిన గాయాల మీదే కొత్త పొర వేగంగా కమ్ముకుంది. ఎండిన పక్కు ఉంటే కణాలు దాని కిందనుంచి దారి చేసుకోవాలి మరి.

ఇదంతా చెబితే పిన్ని, "అయితే కట్టు ఇప్పకూడదేటి? పనికెలా ఎల్లను?" అంది. రోజూ అదే నూనె తగులుతుంటే పాపం కణాలు మాత్రం ఎంతని పాకుతాయి? ముందు గ్లౌజుల సంగతి మేస్త్రీతో మాట్లాడాలి.