కార్తీకంలో పిల్లలతో చెరువు కట్ట మీదికి

నవంబరు చివర సెలవులకి అమెరికా నుంచి వరంగల్ వచ్చిన పిల్లలకి మొదటి వారమంతా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. మళ్ళీ పడుకోబెట్టాలని తంటాలు పడేకన్నా, ఆరింటికల్లా పిట్టలు చూడ్డానికి చెరువు కట్ట ఎక్కించడం నయం. ఆ రోజుల్లో పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడుస్తుంది. ఎనిమిదిన్నర దాటాక నీళ్ళ మీద ఎండ మెరిసి కళ్ళు చెదురుతాయి, పిల్లలకి ఆకలీ మొదలవుతుంది. రెండు గంటలు చాలు.

గణపతిదేవుడి కాలంనాటి పాకాల చెరువు చూడాల్సిందే, కాకపోతే మొదటి రోజే వద్దు. అంత పెద్ద నీటిలో బాతులు నడిమధ్య నల్లటి చుక్కల్లా ఉంటాయి, పదేళ్ళవాళ్ళకి పావుగంటలో విసుగొస్తుంది. వడ్డేపల్లి చెరువు గానీ, తాతగారి ఊళ్ళో తామరాకులున్న కుంట గానీ మేలు. బుడుబుంగలు, నీటికాకులు, బొల్లికోళ్ళు దగ్గర్లోనే దొరుకుతాయి. సూర్యుడు వీపు వెనక ఉండేలా తూర్పు ఒడ్డున నిలబడాలి. ఎదురెండలో ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది.

బైనాక్యులర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పెద్దవాళ్ళ 10x42 (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) పిల్లల చేతిలో వణుకుతుంది. 8x30 లేదా 8x32 తీసుకోండి. కొనేముందు రెండు గొట్టాలనీ పూర్తిగా దగ్గరికి మడిచి పిల్లల చేతే చూపించాలి. ఒకే గుండ్రం కాకుండా రెండు కనిపిస్తున్నాయంటే వాళ్ళ కళ్ళ మధ్య దూరానికి అది సరిపోలేదన్నమాట. ఎన్ని రోజులు వాడినా ఆ ఇబ్బంది పోదు. కళ్ళద్దాలుంటే కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని కిందికి తిప్పాలి. తర్వాత దూరంగా ఉన్న ఏదైనా బోర్డు మీద సరిచేయాలి: కుడికన్ను మూసి ఎడమకంటికి మధ్య చక్రం, ఎడమకన్ను మూసి కుడికంటికి పక్క రింగు. పిట్టని ముందు ఉత్త కళ్ళతో పట్టుకుని, చూపు కదల్చకుండా బైనాక్యులర్‌ని కళ్ళ దాకా తేవడం నేర్పండి. అద్దాల్లోంచి ఆకాశమంతా గాలిస్తే ఏమీ దొరకదు.

సూదితోక బాతు (పిన్‌టెయిల్), పారమూతి బాతు (షవెలర్) అమెరికాలో వాళ్ళు చూసినవే, అదే జాతి. ఇక్కడికి వచ్చేవి మాత్రం ఉత్తరాసియా వైపు నుంచి. మన పిల్లల్ని కట్ట మీద నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి సాకు లేదు. పరిచయమున్న బాతుని వాళ్ళు తాతకి చూపిస్తారు, తెలియని పాలపిట్టని తాత వాళ్ళకి చూపిస్తాడు. చిక్కేమిటంటే, నవంబరులో కొన్ని మగ బాతులు ఇంకా పాత ఈకలు పూర్తిగా మార్చుకుని ఉండవు. ఆడవాటిలాగే గోధుమరంగులో ఉంటాయి. ఫోన్లో ఉన్న రంగుల బొమ్మతో పోల్చి "ఇది కాదు" అనేస్తారు పిల్లలు. రంగు వదిలేసి ఆకారం చూడమనండి. సూదితోకకి సన్నటి పొడుగు మెడ, పారమూతికి తలకన్నా పొడుగైన వెడల్పు ముక్కు. బొల్లికోడి మాత్రం వాళ్ళ ఊరిది వేరే జాతి. ఇక్కడిదానికి నుదుటి మీది బిళ్ళ కూడా తెల్లగానే ఉంటుంది.

చెరువు నిండి మత్తడి దూకిన ఏడాది ఒడ్డున బురద తేలదు, బురద లేకపోతే అందులో పురుగులేరుకునే ఉల్లంకులు దిగవు. యాసంగి నాట్లకి తూము ఎత్తి నీళ్ళు తగ్గాక, డిసెంబరు, జనవరుల్లో రావాలి వాటికోసం.

పాలపిట్ట ఎక్కువగా కరెంటు తీగ మీద దొరుకుతుంది. నర్సంపేట దారిలో పొలాల వెంట మెల్లగా పోతూ తీగలు గమనిస్తూ ఉండండి. కూర్చున్నప్పుడు మట్టిరంగు ఛాతీతో అనామకంగా ఉంటుంది. పురుగు కోసం కిందికి దూకినప్పుడే రెక్కల నీలం విచ్చుకుంటుంది, అందాకా ఆగాలి. దసరాకి పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్ళని ప్రోత్సహించొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. నానమ్మకి పాలపిట్ట దర్శనం కావాలంటే ఆమెనీ కారెక్కించుకోండి.

వరికోత మిషన్ నడుస్తుంటే కారు ఆపి చూడండి. దాని వెనకాలే కొంగలు, గోరింకలు, లేచిన పురుగుల్ని గాల్లోనే పట్టే ఏట్రింతలు. అన్నట్టు, ఏట్రింత డేగ గొంతును కూడా అనుకరిస్తుంది. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ డేగ అన్నంత మాత్రాన కంటితో చూడకుండా చూసిన పిట్టల లిస్టులో రాయనివ్వకండి. ఆ యాప్‌లో భారతదేశం ప్యాక్ ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోవాలి, కట్ట మీద సిగ్నల్ నమ్ముకోలేం.

కట్ట మీది గడ్డిలో పాములుంటాయి, చెప్పులు వద్దు, బూట్లే. చేపలు పట్టేవాళ్ళ వలల జోలికీ, ఆరబోసిన వడ్ల మీదికీ పోనివ్వకండి. ఆ చేపలు పట్టే ఆయన్ని "కాకా, గీ బాతులు ఎన్నడొచ్చినయి?" అని అడిగే పని పిల్లలకే అప్పగించండి. తెలుగు తడబడినా ఆయన విసుక్కోడు, పైగా ఏ మూల దిగుతున్నాయో కూడా చూపిస్తాడు.