స్ట్రాబెర్రీ హిల్ దొరగారి అచ్చుకూటం

లండన్ వాటర్లూలో రైలెక్కి ట్వికెన్‌హామ్ దాటాక స్ట్రాబెర్రీ హిల్‌లో దిగితే, కాస్త నడకలోనే తెల్లటి బురుజుల ఇల్లు కనిపిస్తుంది. దూరం నుంచి చర్చి, దగ్గరికి వెళ్తే బుల్లి కోట. ఒకప్పటి ప్రధాని రాబర్ట్ వాల్‌పోల్ కొడుకు హొరేస్ 1747లో ఇక్కడి చిన్న ఇంటిని అద్దెకు తీసుకుని, తర్వాత కొనేసి, ఏళ్ల తరబడి పెంచుకుంటూ పోయిన విడిది ఇది. గ్యాలరీ పైకప్పు చూసి అందరూ నోరు తెరుస్తారు. రాతి చెక్కడంలా మెరిసే అదంతా కాగితపు గుజ్జు!

నేను వెళ్లింది అచ్చుకూటం కథ కోసం. 1757లో వాల్‌పోల్ ఇక్కడ సొంత ప్రెస్సు పెట్టాడు. చిన్ననాటి బడి స్నేహితుడు, కవి థామస్ గ్రే కవితలు రెండింటిని లండన్‌లో పుస్తక ప్రచురణకర్త డాడ్స్‌లీ అచ్చు వేయించబోతుంటే, ఆ పని తన దగ్గరే జరగాలని లాక్కున్నాడు. 2,000 ప్రతులతో ప్రెస్సుకు శుభారంభం. ఇంటికి వచ్చిన దొరసానులను పొగుడుతూ రాసిన పద్యాన్ని ముందే కూర్చి ఉంచి, వారి కళ్లెదుటే అచ్చు తీయించి చేతికిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఖరీదైన సరదా!

గ్రంథాలయం గదిలో కోసుగా లేచిన కమానుల నడుమ నిలబడి ఆలోచిస్తే ఒకటి నవ్వు తెప్పించింది. వాల్‌పోల్‌కు పేరు తెచ్చిన భయానక నవల 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' ఈ ప్రెస్సులో అచ్చు కాలేదు. పాత ఇటాలియన్ కథకు అనువాదమని నమ్మించి 1764లో బయట వేయించాడు. ఇంటి ప్రెస్సులో వేస్తే గుట్టు రట్టయ్యేది కదా. తల్లీకొడుకుల మధ్య నిషిద్ధ సంబంధంపై రాసిన నాటకాన్ని మాత్రం 1768లో ఇక్కడే 50 ప్రతులు వేసి దగ్గరివారికే ఇచ్చాడు.

దొర పేరు అందరికీ తెలుసు. చేతులకు సిరా పూసుకున్నవాళ్లు వేరు. తొలి ముద్రాపకుడు విలియం రాబిన్సన్ రెండేళ్లకే వెళ్లిపోయాడు, తర్వాత వచ్చినవాళ్లూ నిలవలేదు. 1765లో చేరిన థామస్ కర్గేట్ మాత్రం 1797లో దొర కన్నుమూసేదాకా ఉన్నాడు. అచ్చు పనితో పాటు లేఖకుడిగానూ చేశాడు. వీలునామాలో అతనికి దక్కింది 100 పౌండ్లు. కొన్ని పాత పుస్తకాలను అతను గుట్టుగా మళ్లీ అచ్చేసి అసలు ప్రతులుగా చెలామణి చేశాడని, తర్వాతి కాలపు కాగితాన్ని బట్టి 20వ శతాబ్దంలో పరిశోధకులు పట్టుకున్నారు. తప్పే. కానీ ముప్ఫై ఏళ్ల చాకిరీకి ఆ 100 పౌండ్లు చూశాక నాకు కోపం రాలేదు.