నలభై సున్నాలు

నిన్న రాత్రి పదకొండు దాటినా మాదాపూర్‌లో ఆఫీసులోనే ఉన్నాను. గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) కొత్త బ్రాంచిని, అంటే కోడ్‌లో వేరుగా సాగే పాయను, సర్వర్‌కు పంపబోతే నేను రాసిన హుక్ స్క్రిప్టే అడ్డం తిరిగింది. పంపే ముందు గిట్ దానంతటదే నడిపే చిన్న ప్రోగ్రాం అది. సర్వర్‌లో ఇంకా లేని బ్రాంచికి పాత కమిట్ (భద్రపరిచిన మార్పు) గుర్తుగా గిట్ 40 సున్నాలు ఇస్తుంది. నేనేమో వాటిని నిజమైన కమిట్ అనుకుని, అక్కడి నుంచి తేడాలు వెతకమన్నాను. లేని ఊరికి దారి అడిగినట్టు! బ్రాంచిని తొలగించినప్పుడూ ఇవే సున్నాలు, కాకపోతే కొత్త కమిట్ స్థానంలో.

లెక్కపెట్టి టైపు చేస్తే 39 పడ్డాయి. (నవ్వకండి.) పైగా గుర్తులకు షా-256 అనే పొడవైన హ్యాష్ వాడే రిపోజిటరీలో (కోడ్ దాచే చోటు) అవి 64 ఉండాలి. చివరికి గిట్ చేతే ఖాళీ ఇన్‌పుట్‌ను హ్యాష్ చేయించి (అంటే దానికో గుర్తు తయారు చేయించి), వచ్చిన ప్రతి అక్షరాన్నీ సున్నాగా మార్చాను. పొడవు సంగతి ఇక గిట్ చూసుకుంటుంది. గిట్‌తో వచ్చే నమూనా ప్రీ-పుష్ (పంపే ముందు నడిచే) హుక్‌లో ఉన్న ఉపాయమే ఇది. సాయంత్రమే దాన్ని తెరిచి ఉంటే ఆఖరి మెట్రో దొరికేది.