మావయ్యగారి జడల స్వెటర్: వీపు అయింది, ముందు భాగం మెడ దాకా వచ్చింది

వీపు ముక్క పూర్తయి మంచం మీద ఆరుతోంది. ముందు ముక్క చంకలు దాటి మెడ దగ్గరికి చేరింది. సంక్రాంతికి మావయ్యగారి ఒంటి మీద ఉండాలని మొదలుపెట్టాను. ఇప్పటికైతే అనుకున్నట్టే నడుస్తోంది.

ఒడిశా కొండల మీది మా సునాబెడా చలి గురించి కింద సాలూరులో ఉండేవాళ్ళకి చెప్పినా నమ్మరు. ఘాట్ రోడ్డెక్కి పొట్టంగి దాటామంటే గాలే మారిపోతుంది. 1,672 మీటర్ల దేవమాలి కొండ ఇటువైపే ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు పది డిగ్రీల లోపుకి దిగుతాయి, తెల్లారాక కూడా మంచు చాలాసేపు విడవదు. ఆ మంచులోనే మావయ్యగారు పెరట్లో క్యాబేజీ మడులు చూసుకుంటారు. చేతులున్న స్వెటర్ బీరువాలో ఉంది, వేసుకోరు. "మోచెయ్యి ఆడకపోతే పార ఎలా పడతానమ్మా, ఛాతీ వెచ్చగా ఉంటే చాలు నాకు" అంటారు. ఆయన చెప్పింది సబబే. అందుకే చేతుల్లేనిది, మందంగా, ఎదురు రొమ్ము మీద నిండా జడలతో, అంటే కుట్లని మెలిపెట్టి జడలా తేల్చే కేబుల్ అల్లికతో.

జడలు అందానికే కాదు. కుట్లు ఒకదాని మీదుగా ఒకటి దాటినచోట అల్లిక రెండు పొరలవుతుంది, మధ్య సందుల్లో గాలి నిలుస్తుంది. వెచ్చదనం ఇచ్చేది ఆ నిలిచిన గాలే. మా ఇంట్లో అందుకే ముందు భాగానికి ఆరు జడలు, వీపుకి రెండే. పార పట్టి వంగినప్పుడు వీపు చెమట పడుతుంది, అక్కడ మందం అక్కర్లేదు.

ఊలు దగ్గర మాత్రం నేను రాజీపడను. జయపురం కొట్లో "ప్యూర్ ఊల్" అని ఇచ్చిన బంతి నుంచి బెత్తెడు పోగు తెంపి, ఇంటికొచ్చి అగ్గిపుల్లతో అంటించి చూశాను. కరిగి, కొసన నల్లటి గట్టి పూస కట్టింది. అది ఎక్రిలిక్, అంటే కృత్రిమ పోగు. అసలు ఊలైతే జుట్టు కాలిన కంపు కొడుతుంది, మంట తీసేస్తే తనే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడిగా నలుగుతుంది. ఎక్రిలిక్‌ని తీసిపారేయను, రోజూ ఉతకాల్సిన పసిపిల్లల టోపీలకి అదే మంచిది. కానీ మంచులో తిరిగే మనిషికి పనికిరాదు. ఊలు తన బరువులో సుమారు 30 శాతం తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తగలనివ్వదు. చివరికి లూధియానా నుంచి 700 గ్రాములు తెప్పించాను. లేత బూడిద రంగు. పెరటి పనికి ముదురు రంగైతే మురికి కనపడదని అత్తయ్య అన్నారు గానీ, ముదురు రంగులో జడ నీడ పడదు, ఇంత పనీ కనిపించకుండా పోతుంది.

వచ్చినది మధ్యరకం పోగు కాబట్టి రెండు పోగులు కలిపి అల్లుతున్నాను. రెండు బంతులూ వేర్వేరు గిన్నెల్లో పెట్టుకుంటే పోగులు మెలిపడవు. సూదులు 3వ నంబరు, అంటే 6.5 మిల్లీమీటర్లవి. అంచున సాగే చారల అల్లికకి, అంటే రిబ్‌కి, 6వ నంబరు, 5 మిల్లీమీటర్లు. మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని ఈ టౌన్‌షిప్‌లో దేశం నలుమూలల వాళ్ళూ ఉన్నారు. అల్లిక దగ్గర మాత్రం అందరం సీధా (ఎదుటికి నున్నగా కనిపించే కుట్టు, నిట్), ఉల్టా (ఎదుటికి గడ్డలా కనిపించేది, పర్ల్) అనే చెప్పుకుంటాం. ఇక్కడా అలాగే రాస్తాను.

ఇక అసలు సంగతి, వెడల్పు లెక్క. జడ స్వెటర్ కుదరడమూ చెడడమూ ఇక్కడే. సాదా అల్లిక శాంపిల్ ముక్కలో 10 సెంటీమీటర్లకి 14 కుట్లు, 19 వరుసలు వచ్చాయి. జడ వేసి ఇంకో ముక్క అల్లితే, సాదాగా 4.3 సెంటీమీటర్లు ఉండాల్సిన ఆరు కుట్లు 3 సెంటీమీటర్లకి దగ్గరపడ్డాయి. అంటే ఒక్కో జడ రెండు కుట్ల వెడల్పు మింగేస్తోంది. మావయ్యగారి ఛాతీ 38 అంగుళాలు. చొక్కా మీద వేసుకోవాలి కాబట్టి 42 పెట్టాను. సగానికి 53 సెంటీమీటర్లు, సాదాగా అయితే 74 కుట్లు. వీపుకి రెండు జడలు గనుక 78. ముందుకి ఆరు జడలు గనుక 86.

అలాగని మొదట్లోనే 86 ఎక్కిస్తే కింద అంచు గొడుగులా విచ్చుకుంటుంది. రెండు ముక్కలకీ 74 కుట్లే ఎక్కించి, రెండు సీధా రెండు ఉల్టా రిబ్ 7 సెంటీమీటర్లు అల్లి, రిబ్ ఆఖరి వరుసలో కుట్లు పెంచాను. పెంచినవి కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, పైన జడ వచ్చే ఆరు కుట్ల చోటునే రెండేసి.

ముందు ముక్క 86 ఇలా పంచాను. నడుమ 12 కుట్లు, అంటే పక్కపక్కనే రెండు జడలు. దానికి అటూ ఇటూ 3 ఉల్టా, 6 జడ, 3 ఉల్టా, 6 జడ, 3 ఉల్టా, ఆ తర్వాత చంక వైపు 16 సాదా. ఉల్టా కుట్లు లోపలికి దిగుతాయి, అందుకే జడ పైకి లేచి కనిపిస్తుంది. వాటిని రెండుకి తగ్గించొద్దు, ఇంత లావు ఊలులో జడకీ జడకీ మధ్య లోయ పూడిపోతుంది.

జడకి మెలి ఎనిమిది వరుసలకోసారి, ఎప్పుడూ బయటికి కనిపించే వైపునే. మూడు కుట్లు పుల్లకి (మెలి వేసేటప్పుడు కుట్లని పక్కన ఆపే చిన్న సూది) ఎక్కించి వదిలి, తర్వాతి మూడు సీధా అల్లి, పుల్ల మీది మూడూ సీధా అల్లడం. పుల్లని వెనక్కి వదిలితే జడ కుడికి వాలుతుంది, ముందుకి వదిలితే ఎడమకి. నడిజంటలో కుడి జడకి వెనక్కి, ఎడమ జడకి ముందుకి వదులుతున్నాను. రెండూ పైకి విచ్చుకుంటూ వెళ్తాయి, వీ మెడకి దారి దానంతటదే ఏర్పడుతుంది.

పుల్ల సంగతి కూడా చెప్పాలి. సైకిల్ పుల్లతో మెలి వేసేవాళ్ళున్నారు. సన్న ఊలుకి బాగానే ఉంటుంది, ఈ లావు కుట్లు దాని మీద నిలవవు, జారిపోతాయి. మావయ్యగారు వెదురు బద్ద ఒకటి జానెడు కోసి, రెండు కొసలూ చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, కొవ్వొత్తి మైనం పట్టించి ఇచ్చారు. నడుమ కొంచెం సన్నగా నొక్కు పెట్టారు. మూడు కుట్లూ వచ్చి ఆ నొక్కులో కూర్చుంటాయి, చెయ్యి వదిలేసినా కదలవు. కొన్న పుల్ల దేనికీ ఈ నొక్కు ఇంత బాగా కుదరలేదు. నూనె మాత్రం రాయొద్దు, ఊలు పీల్చేసుకుంటుంది.

రిబ్ మీద 60 వరుసలు అల్లాక చంకలు. రెండు వైపులా ఐదేసి కుట్లు ముగించి, తర్వాత వరుస విడిచి వరుస ఒక్కోటి చొప్పున ఐదుసార్లు తగ్గించాలి. పోయేవన్నీ ఆ 16 సాదా కుట్లలోవే, జడ ఒక్కటి కూడా తెగదు. పంపకం వేసేటప్పుడే ఇది చూసుకున్నాను.

63వ వరుసలో మెలి పడింది, ఇంకో వరుస అల్లి 65వ దగ్గర మెడకి రెండుగా విడదీశాను. నడిజంటలో ఒక జడ ఇటు, ఒక జడ అటు. ఇప్పుడున్నది ఇక్కడే. ఇక్కణ్ణుంచి నాలుగు వరుసలకోసారి, మెడ అంచు జడని ఆనుకుని లోపల రెండు కుట్లు కలిపి ఉల్టా. అలా 11 సార్లు. మెడ జడ చెక్కుచెదరకుండా భుజం దాకా ఎక్కుతుంది, దాని పక్క జడ మెల్లగా అందులోకి దూరిపోతుంది. అలా దూరేచోటు చూడ్డం నాకు మొత్తం స్వెటర్‌లోకెల్లా ఇష్టం.

భుజం దగ్గర ఒక్కో సగానికి 22 కుట్లు మిగులుతాయి. వీపు భుజానికి 16. ఆఖరి వరుసలో మిగిలిన రెండు జడల కుట్లనీ రెండేసి కలిపేస్తే ఆరు మూడవుతాయి, 22 కాస్తా 16 అవుతుంది. రెండు సూదుల మీది కుట్లనీ మూడో సూదితో కలిపి ముగిస్తే భుజం సాగదు. సూదీదారంతో కుట్టిన భుజం ఇంత బరువుకి కొన్నాళ్ళకి జారుతుంది.

ప్రతి ముక్కనీ కుట్టకముందే గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, నులక మంచం మీద కొలతకి పరుస్తున్నాను. నులక సందుల్లోంచి కింద నుంచీ గాలి తగులుతుంది. అయినా ఈ మంచుకి ఆరడం ఆలస్యమే. తీగ మీద మాత్రం వేయకూడదు, తడి ఊలు తన బరువుకే సాగిపోతుంది. ఇస్త్రీ పెట్టె అసలు తేవద్దు, జడలు అణిగిపోతాయి.

వీపు తూస్తే 250 గ్రాములు. ముందు భాగం 300 దాకా వస్తుందనుకుంటున్నాను. మెడకీ చంకలకీ 5 మిల్లీమీటర్ల సూదితో రిబ్ ఎత్తాలి. మెడ వీ కొన దగ్గర ఒక కుట్టు నడుమ ఉంచి, వరుస విడిచి వరుస దాని రెండు పక్కలా ఒక్కోటి తగ్గిస్తే కొన ముడుచుకోకుండా నిలుస్తుంది. చంకల రిబ్ నాలుగు వరుసలు చాలు. అన్నీ పోను మిగిలే ఊలుని చిన్న బంతి చుట్టి, అదే రంగు కాబట్టి, మోచేతి దగ్గర చిరిగిన అత్తయ్య శాలువాకి వాడతాను.