రేగడి చేను: దున్నకుండా వదిలిన ఎకరానికి మూడో వానకాలం

మహారాష్ట్రలోని ధర్మాబాద్ దగ్గర మా బాపు వదిలిపోయిన మూడెకరాల నల్లరేగడిలో ఒక ఎకరం దున్నడం ఆపి ఇది మూడో వానకాలం. వారమంతా నాందేడ్‌లో ఉద్యోగం, ఆదివారం పొద్దున్నే రైలెక్కి చేనికి. రేగడి సంగతి చేసినవాళ్లకే తెలుసు, తడిస్తే బంక, ఎండితే రాయి, నడుమ పదును, అంటే పనికి సరిపడా తడి (ఇక్కడి మరాఠీ రైతులు వాఫసా అంటారు), ఉండేది రెండు మూడు రోజులే. ఆ రోజులు ఆదివారం నాడే రావు కదా, అందుకే దున్నే పని తగ్గించే దారి వెతికాను.

మొదటి ఏడు మట్టినే మార్చేద్దామని తొందరపడ్డాను. ఒకాయన వాగు ఇసుక తోలమన్నాడు, ఇంకొకాయన జిప్సం చల్లమన్నాడు. ఇసుక లెక్క వేసి చూస్తే ఎకరంలో పై ఆరంగుళాల మట్టే సుమారు 900 టన్నులు, అందులో పదో వంతు కలపాలన్నా 90 టన్నులు తోలాలి, అంత తోలినా ఆ బంకలో ఇసుక ఇటుకలా బిగుసుకుంటుందే తప్ప గుల్లబారదు. వద్దనుకున్నాను. జిప్సం మంచి మందే, కానీ సోడియం ఎక్కువైన చౌడుకు మందు, ప్రతి రేగడికీ కాదు. కొనేముందు గాజు గ్లాసులో వాననీళ్లు పట్టి, శనగగింజంత ఎండిన మట్టిపెళ్ల మెల్లగా జారవిడిచి, కదపకుండా ఉంచాను. పది నిమిషాల్లో పెళ్ల రవ్వరవ్వగా విడిపోయి అడుగున కుప్పపడింది, పైన నీళ్లు మాత్రం మర్నాటికీ తేటగానే ఉన్నాయి. సోడియం ఉంటే పెళ్ల చుట్టూ పాలమబ్బులా కలక లేస్తుంది, అది తేరుకోదు. తేటనీళ్లలో పెళ్ల విడిపోయిందంటే మట్టిని పట్టి ఉంచే జిగురు, అంటే సేంద్రియ పదార్థం, తక్కువని అర్థం. సగరోళి కృషి విజ్ఞాన కేంద్రంలో పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం 0.42 శాతం, పీహెచ్ 8.1 వచ్చింది. జిప్సం డబ్బులతో నాలుగు ట్రాలీల మాగిన పెంట (పశువుల ఎరువు) తోలించాను.

బోదెలు ఆ ఎండాకాలంలోనే, ఒక్కసారే తోలాం, నాలుగున్నర అడుగుల బెడ్డు (ఎత్తు మడి), నడుమ కాలువ. రాయగడ్ జిల్లా నేరళ్ దగ్గర చంద్రశేఖర్ భడసావళే గారు వ్యాప్తిలోకి తెచ్చిన ఎస్ఆర్‌టీ (సగుణ రీజనరేటివ్ టెక్నిక్) పద్ధతి చూసి చేసినదే ఇది, బెడ్డు కదపకుండా పంట మీద పంట వేస్తూ, వేళ్లు లోపలే కుళ్లనివ్వడం. వాళ్లు కలుపుమందు వాడతారు, నేను బ్రష్ కట్టర్‌తో నేలబారుగా కోసి అక్కడే పడేస్తాను. దీనికి తుంగ గడ్డి మాత్రం లొంగట్లేదు, ఒక మూలంతా అదే.

రెండో ఏడు పత్తి. నాలుగడుగుల సాళ్ల నడుమ ఒక్కో వరస జనుము (పచ్చిరొట్ట పైరు) చల్లి, నలభై రోజులకు కొడవలితో కోసి పత్తి మొదళ్ల దగ్గర పరిచాం. ఇది చేనికి బాగా పట్టింది, ఆ ఏడు వాన పద్దెనిమిది రోజులు మొహం చాటేసినా జనుము కింద మట్టి వేలితో తీస్తే తడి తగిలేది, పక్క చేలో నెర్రెల్లో చెయ్యి పట్టేది. పత్తి అయిపోగానే కట్టె తగలబెట్టకుండా జనవరిలోనే ష్రెడర్‌తో ముక్కలు చేయించాను. ఆలస్యం చేయొద్దు, కట్టె, ఎండుకాయలు చేలో ఉన్నన్నాళ్లూ పత్తికాయ తొలిచే గులాబీ పురుగు వాటిలోనే దాక్కుంటుంది. ఆ ముక్కల్ని మట్టిలో కలపకుండా పైనే వదిలాను, కలిపితే అవి కుళ్లడానికి మట్టిలోని నత్రజనిని లాక్కుని తర్వాతి పంట పసుపు రంగుకు తిరుగుతుంది.

ఈ ఏడాది తప్పు చేశాను. పెంట ఆలస్యంగా వచ్చింది, మృగశిరలో మొదటి వాన పడి మూడు రోజులే అయింది, డ్రైవర్ తొందరపడుతుంటే సరే రానివ్వమన్నాను. ట్రాక్టర్ బెడ్ల మీదుగా అడ్డంగా పోయింది. ఇప్పుడు భాద్రపదం, ఆ రెండు చక్రాల జాడల్లో సోయా ఇంకా మోకాలు దాటలేదు, పక్కన తొడల దాకా ఉంది. ఆ జాడలో మొక్క పీకి చూశాను, తల్లివేరు నాలుగంగుళాల దగ్గర ఎల్ అక్షరంలా వంగి పక్కకు పోయింది. చాలా బాధేసింది. పక్క చేను కాకా చూసి, "తమ్మీ, తడి రేగడిలో ఎద్దును కూడా దింపేవాళ్లం కాదురా" అన్నాడు.

పోయిన ఆదివారం కొలిచాను. ఆరంగుళాల వ్యాసం ఉన్న పైపుముక్క రెండంగుళాలు దిగేలా కొట్టి, 450 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే అంగుళం వాన, పోసి ఇంకనిచ్చాను. మొదటిసారి పోసింది నెర్రెల్లోకి పోతుంది, అందుకే రెండోసారి పోసిందే లెక్క. దున్నిన చేలో గంటా యాభై నిమిషాలకూ నీళ్లు నిలిచే ఉన్నాయి, బెడ్డు మీద ముప్పై ఎనిమిది నిమిషాల్లో ఇంకిపోయాయి. చక్రం జాడలో సాయంత్రం రైలు వేళకు కూడా ఇంకలేదు.

వచ్చే వారం సోయా కోత. మొక్కలు పీకొద్దు, నేలబారుగా కోసి వేళ్లు వదిలేయండని కూలీలకు ముందే చెప్పాను. పొట్టు మళ్లీ బెడ్ల మీదికే వస్తుంది, పదును పోకముందే ఆ పొట్టులోనే శనగలు గుచ్చాలి. జాడల మీద ఆముదం పెడుతున్నాను, దాని తల్లివేరుకు గట్టి పొర చీల్చే బలం ఉందంటారు, ఎంత దిగుతుందో వచ్చే వేసవిలో తవ్వి చూస్తాను.