ఒనొమిచిలో గేటు మింగని టికెట్టు

పర్యాటకులు రైళ్లలో ఎన్నిసార్లైనా తిరగడానికి కొనుక్కునే జపాన్ రైల్ పాస్ ధర మీద నా కోపం ఇంకా చల్లారలేదు. 2023 సెప్టెంబరు దాకా ఏడు రోజుల సాధారణ పాస్ 29,650 యెన్లు. అక్టోబరు వచ్చేసరికి 50,000. ఒసాకా నుంచి ఒకయామా, కురషికి, ఒనొమిచి మీదుగా హిరోషిమా వెళ్లే మాలాంటివారికి అది ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు. చెల్లి ముందే డబ్బు వేసుకుని వాడే ఇకోకా కార్డు కొనుక్కుంది. గేటు దగ్గర కార్డు తాకించి దర్జాగా వెళ్లిపోవచ్చు. నేను మాత్రం ఎక్కిన ప్రతి రైలుకూ కాగితపు టికెట్టే కొంటానని పట్టుబట్టాను. యంత్రం ముందు చిల్లర లెక్కపెట్టుకుంటూ నేను నిలబడితే, గేటుకు అవతల తను విసుక్కుంటూ నిలబడేది.

కాగితం మీద నాకు ఇంత పట్టు ఎందుకో చెప్పాలి. మా అమ్మ దగ్గర 1980ల నాటి ఆల్బం ఒకటి ఉంది. పేజీ నిండా జిగురు చారలు, వాటి మీద ప్లాస్టిక్ పొర ఉండే రకం. ఫొటోను పేజీ మీద పెట్టి పొర కప్పేస్తే చాలు, చాలా సులువు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు పసుపు రంగుకు తిరిగి ఫొటోలను పట్టేసింది. చేత్తో లాగితే చిరుగుతాయి. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫొటో వెనక నుంచి అటూ ఇటూ నెమ్మదిగా నడిపి కొన్నింటిని బయటికి తీశాను. వాటి వెనక ఒక్క అక్షరం రాసి లేదు. ఏ ఊరి సత్రం, ఏ గుడి మెట్లు, ఏ సంవత్సరం అంటే అమ్మకూ గుర్తు రాలేదు. ఆనాటి నుంచి ప్రయాణంలో నా సంచిలో ఒక ఖాళీ పుస్తకం, మొనలేని కత్తెర, ఫొటో మూలలు (ఫొటో నాలుగు కొసలనూ దూర్చి పట్టి ఉంచే చిన్న కాగితపు జేబులు) ఉంటాయి. తేదీ, ఊరు తెలియని కాగితం ఆ పుస్తకంలోకి రాదు. ఏ రోజు పేజీ ఆ రోజు రాత్రే పూర్తి కావాలి.

జపాన్‌లో దగ్గరి ప్రయాణాలకు ఇచ్చే టికెట్టు చూడగానే ఎక్కడో చూసినట్టు అనిపించింది. పొడవు దాదాపు 57 మిల్లీమీటర్లు, వెడల్పు 30. ఇంగ్లండ్‌లో థామస్ ఎడ్మండ్‌సన్ రైల్వేలకు అలవాటు చేసిన అట్ట టికెట్టు కొలత అది. మన రైళ్లలో ఒకప్పుడు ఇచ్చిన గట్టి అట్ట టికెట్టూ అదే కొలత. కిటికీలోపల గుమాస్తా దాన్ని తేదీ యంత్రంలోకి తోసి ఠక్కున నొక్కడం, నాన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకోవడం నాకు బాగా గుర్తు. దిగాక టికెట్ కలెక్టర్ చెయ్యి చాచేవారు, నాన్న ఇచ్చేసేవారు. నా అర టికెట్టు నాకే కావాలని ఎన్నిసార్లు ఏడ్చానో. ఒక్కటీ మిగల్లేదు.

కురషికిలోనూ అదే జరిగింది. ఒకయామాలో కొన్న టికెట్టును గేటు యంత్రం లోపలికి లాక్కుంది, తలుపులు తెరుచుకున్నాయి, అంతే. వెనక్కి ఇవ్వదు.

"ఫొటో తీశాను కదా అక్కా, ఇంకెందుకు?" అంది చెల్లి.

తీసింది, నిజమే. ఒసాకా కోట, క్యోటోలో వర్షం, తను తిన్న ప్రతి పళ్లెం, వాటన్నిటి మధ్య ఆ టికెట్టు ఫొటో కూడా ఫోన్లో ఎక్కడో ఉంది. అది నాకు ఊరట కాలేదు. స్టేషన్ దగ్గరి పర్యాటక సమాచార కేంద్రంలో అడిగితే అక్కడి అమ్మాయి ఉపాయం చెప్పింది. యంత్రంలో వేయకుండా, ఉద్యోగి కూర్చునే కిటికీ దగ్గరికి వెళ్లి, జ్ఞాపకంగా ఉంచుకుంటానని అడగాలట. చెల్లదని ముద్ర వేసి తిరిగి ఇస్తారట. వినగానే అప్పటికప్పుడు ఇంకో రైలెక్కి దిగాలనిపించింది.

కురషికి కాలువ గురించి, దాని పక్కన విల్లో చెట్ల గురించి, తెల్ల గోడల గిడ్డంగుల గురించి, 1930లో తెరిచిన ఒహారా మ్యూజియం గురించి అందరూ రాశారు. నేను ఆ ఊరు వెళ్లింది టేపు కోసం. పుస్తకాల్లో కాగితాలు అతికించుకునేవారు ఇప్పుడు ప్రపంచమంతటా వాడే రంగురంగుల వాషి టేపుకు, అంటే జపాన్ కాగితపు టేపుకు, ఈ ఊరితో గట్టి బంధం ఉంది. ఇక్కడి కమోయి కకోషి అనే కంపెనీ 1923లో ఈగలను పట్టే జిగురు కాగితంతో మొదలైంది. తర్వాత కార్లకు, గోడలకు రంగు వేసేటప్పుడు అంచుల్లో అంటించి తీసేసే కాగితపు టేపు తయారు చేసింది. 2006లో, ఆ పనివాళ్ల టేపునే అందంగా వాడుకునే ముగ్గురు మహిళలు ఫ్యాక్టరీ చూపించమని కంపెనీని అడిగారు. 2008లో ఎంటీ అనే పేరుతో రంగుల టేపులు బజారుకు వచ్చాయి. వాడేవాళ్లు ఫ్యాక్టరీ తలుపు తడితే ఒక వస్తువు జాతకమే మారిపోయిందన్న ఈ కథ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. కాలువ వెనక సందులో ఒక దుకాణంలో గోడ పొడవునా ఆ చుట్టలు చూసి చాలాసేపు కదల్లేకపోయాను. పుట్టిన ఊళ్లో చవకగా దొరుకుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి.

ఈ టేపుతో మేలు ఏమిటంటే చేత్తో చింపవచ్చు, తర్వాత మనసు మారితే కింది కాగితం పాడవకుండా ఊడదీయవచ్చు. ఆ గుణమే దాని బలహీనత కూడా. కొన్నాళ్లకు అంచులు లేస్తాయి. అందుకని అలంకారానికి దాన్ని వాడతాను, విలువైన కాగితాన్ని పట్టి ఉంచే పని మూలలకు అప్పగిస్తాను.

అక్కడే ఒక చిన్న తపాలా కార్యాలయంలో నా మనసు పూర్తిగా కరిగిపోయింది. జపాన్ తపాలా కార్యాలయాల్లో చాలాచోట్ల ఆ ఊరి దృశ్యంతో చెక్కిన గుండ్రని తపాలా ముద్ర ఉంటుంది. 1931లో ఫూజీ పర్వతం దగ్గర మొదలైన ఏర్పాటు ఇది. ఉత్తరం పంపనక్కర్లేదు. మన పుస్తకంలోనే పోస్టు కార్డు ధరకు తగ్గని తపాలా బిళ్ళ అతికించి ఇస్తే దాని మీద వేస్తారు. ఆ ధర 63 యెన్లు ఉండేది, 2024 అక్టోబరులో 85 చేశారు. దీనికీ సణుగుదామని సిద్ధపడ్డాను. కిటికీలోని ఉద్యోగిని నా పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుంది. ముద్రను ముందుగా చిత్తు కాగితం మీద వేసి చూసింది. పుస్తకం కింద మెత్తని పలక జరిపి, బిళ్ళ మీద సగం, పేజీ మీద సగం పడేలా గురి చూసి, ఊపిరి బిగపట్టి నొక్కింది. ఎర్ర గోధుమ రంగు సిరా ఎదుటి పేజీకి అంటకుండా పల్చటి కాగితం పెట్టి, మళ్లీ రెండు చేతులతో ఇచ్చింది. నా వెనక వరుసలో ఉన్నవారు ఒక్కరూ విసుక్కోలేదు. ఆ తర్వాత 85 యెన్ల మాట ఎత్తలేదు నేను.

రాత్రి పని ఫొటోలది. జపాన్‌లో వీధి వీధికీ ఉండే కన్వీనియన్స్ స్టోర్లలో జెరాక్స్ యంత్రమే ఫొటోలు కూడా ముద్రిస్తుంది. ఫోన్లో యాప్ పెట్టుకుని, యంత్రంతో కలిపి, నాణేలు వేస్తే 89 మిల్లీమీటర్ల వెడల్పు, 127 పొడవున్న ప్రింటు బయటికి వస్తుంది. ఒక్కోదానికి కొన్ని పదుల యెన్లు. ఖర్చు తక్కువే అయినా, నాణెం వేసి తీసుకోవాలి అనేసరికి ఎంపిక తప్పదు. రోజుకు నాలుగే అని నేను నియమం పెట్టాను. చెల్లి ఒక్క కాలువనే లెక్కలేనన్ని తీసింది. ఏది ఉంచాలి? అన్నిటికన్నా అందమైనదాన్ని పక్కన పెట్టించాను, తను ఒప్పుకోలేదు, చాలాసేపు వాదించుకున్నాం. అలాంటి కాలువ ఫొటో ఏ పోస్టు కార్డులోనైనా ఉంటుందని నా వాదన. చివరికి ఎంచుకున్నవి ఇవి: వంతెన మీద గొడుగు తిరగబడి నవ్వుతున్న చెల్లి, టేపు దుకాణం గోడ, గది గుమ్మంలో మా ఇద్దరి తడిసిన బూట్లు, తపాలా కిటికీ బయటి ఎర్ర పెట్టె. అన్నీ తేదీ వరుసలో సర్దడానికి బయల్దేరే ముందే కెమెరా గడియారాన్ని మూడున్నర గంటలు ముందుకు జరిపాను. ఫోన్ తనంతట తాను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. ఆ పని చేయకపోతే అర్ధరాత్రి దాటగానే తీసినవి ముందురోజు రాత్రివిగా కలిసిపోతాయి.

టికెట్లు, రసీదుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడు వచ్చేవి చాలావరకు వేడికి నల్లబడే పూత ఉన్న కాగితాలు. వాటిమీద సిరా ఉండదు. ఎండ తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టినా, కొన్ని రకాల జిగురు రాసినా వెలిసిపోతాయి. వేడితో లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా మాడుతుంది. భద్రపరుస్తున్నామనుకుని చేసే పనులే వాటికి ప్రాణాంతకం. అందుకే మూలల్లో పెడతాను, వెలుతురు తగలకుండా పుస్తకం మూసి ఉంచుతాను, దాని మీద ఉన్నదంతా పక్కన త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ సిరా పెన్నుతో రాస్తాను. అక్షరాలు పోయినా ఆ రాత నిలుస్తుంది.

ఒనొమిచి చేరాక నేను నేరుగా కిటికీ దగ్గరికి నడిచాను. యువ ఉద్యోగి నా ఫోన్లోని జపనీస్ వాక్యం చదివి తలూపి, టికెట్టు మీద ముద్ర వేసి నా అరచేతిలో పెట్టాడు. అంతే, క్షణం కూడా పట్టలేదు. చిన్నప్పుడు దక్కని అర టికెట్టు ఇన్నేళ్లకు చేతికి వచ్చినంత సంతోషం వేసింది. ఈసారి చెల్లి కూడా ఏమీ అనకుండా నా వైపు చూసి నవ్వింది.

స్టేషన్‌లో ప్రయాణికులు తమ పుస్తకాల్లో జ్ఞాపకంగా వేసుకోవడానికి ఉంచిన రబ్బరు ముద్ర దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. స్టేషన్ ముద్రల ఆచారం కూడా 1931దే, ఫుకుయి స్టేషన్‌తో మొదలైంది. నేను ముద్ర ఎత్తగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆ తర్వాత మా సంభాషణ అంతా ఫోన్ అనువాదంతోనే.

"ముందు వేరే కాగితం మీద వేసి చూడండి. బల్ల గట్టిగా ఉంటే పుస్తకం కింద రుమాలు మడిచి పెట్టండి. మధ్యలో ఒక్కసారే నొక్కితే అంచులు పడవు, నాలుగు మూలలూ నొక్కండి."

అలాగే చేశాను. ఒక్క గీత కూడా పోకుండా పడింది. ఆయన సంతోషించి తన పుస్తకం తెరిచారు. ఒకే స్టేషన్ ముద్ర ఏడాదికొకటి చొప్పున వరుసగా ఉంది. మొదటిదానిలో గీతలు చురుగ్గా ఉన్నాయి, తర్వాతి వాటిలో రబ్బరు అరిగి మొద్దుబారాయి, ఆపైన బొమ్మే మారిపోయింది. ప్రతిదాని కిందా తేదీ, ఆనాటి వాతావరణం, వెంట వచ్చినవారి పేరు. ఒకటి బాగా వంకరగా, సగం సిరాతో పడి ఉంది. మనవడు మూడేళ్లప్పుడు వేసినదట. పక్క పేజీలో నిటారుగా పడినదీ వాడిదే, బడిలో చేరాక వేసినది. ఫొటోలు పెట్టరా అని అడిగితే, వాటిని కూతురు చూసుకుంటుందన్నారు. ఆ వంకర ముద్ర పక్కన నా ప్రింట్లన్నీ చిన్నబోయాయి. ఆయన అనుమతితో, నా ఒనొమిచి పేజీలో ఒక మూల చెల్లి చేత ముద్ర వేయించాను, కింద వాన అని రాశాను.

కొండ మీది సెన్‌కోజీ గుడిలో తీసుకునే ఎర్ర ముద్రకు వేరే పుస్తకం ఉండాలి. అకార్డియన్‌లా మడతలు విప్పుకునే ఆ పుస్తకంలో గుడి పేరు, తేదీ కుంచెతో రాసి ఎర్ర ముద్ర వేస్తారు. మొదట్లో బౌద్ధ సూత్రగ్రంథం నకలు రాసి గుడికి సమర్పించినవారికి ఇచ్చిన రసీదు అది. స్టేషన్ ముద్రలున్న పుస్తకం చాపితే కొన్ని గుళ్లలో రాయరు. మొదట కొంచెం నొచ్చుకున్నాను గానీ, ఆ పద్ధతి సరైనదే.

హిరోషిమా శాంతి స్మారక మ్యూజియం టికెట్టు 200 యెన్లు. లోపల కాలిపోయిన భోజనం డబ్బా, తుప్పుపట్టిన మూడు చక్రాల సైకిలు, అణుబాంబు పడిన 8.15 దగ్గర ఆగిపోయిన గడియారం ఉన్నాయి. కుటుంబాలు దాచుకుని, తర్వాత మ్యూజియానికి ఇచ్చిన వస్తువులు ఎన్నో. బయటికి వచ్చాక మేమిద్దరం నది ఒడ్డున కూర్చున్నాం, మాట్లాడుకోలేదు. ఆ రాత్రి చెల్లి పూల టేపు చుట్ట తీసి, నా ముఖం చూసి, మళ్లీ సంచిలో పెట్టేసింది. ఆ పేజీలో టికెట్టు, తేదీ మాత్రమే ఉన్నాయి. ఫొటో పెట్టలేదు.

వెళ్లేవారికి పనికొచ్చే సంగతులు కొన్ని. స్టేషన్ ముద్ర కొన్నిచోట్ల గేటు లోపల, కొన్నిచోట్ల బయట, ఇంకొన్నిచోట్ల ఉద్యోగి బల్ల వెనక ఉంటుంది. బయటికి అడుగు పెట్టకముందే అడగండి. తపాలా ముద్ర కావాలంటే శని, ఆదివారాలు పెట్టుకోవద్దు, చిన్న కార్యాలయాలు మూసి ఉంటాయి. పుస్తకం పేజీలు మందంగా ఉండాలి, లేకపోతే సిరా అవతలికి దిగుతుంది. మూలలూ ప్రింట్లూ చేరేకొద్దీ పుస్తకం ఉబ్బుతుంది కాబట్టి అట్ట చుట్టూ వేయడానికి వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్లండి.