"ఒకసారి ఫోన్ చెయ్యి" అని మాత్రం పెట్టకండి

కువైట్‌లో పనిచేసుకుంటున్న మనిషికి ఇంటి నుంచి రాకూడని మెసేజ్ ఏదైనా ఉందంటే అది "ఒకసారి ఫోన్ చెయ్యి". ముందూ వెనకా ఇంకేం ఉండదు. మా పెద్దమ్మగారి అబ్బాయికి పొద్దున్నే ఇలాంటిది ఒకటి వచ్చింది. డ్యూటీలో ఫోన్ మాట్లాడే వీల్లేక, అమ్మకేమైందో నాన్నకేమైందో అనుకుంటూ సాయంత్రం దాకా అన్నం ముట్టలేదట. తీరా చేస్తే పెద్దనాన్న తాపీగా "ఏం లేదురా, ఈసారి కొబ్బరి దింపు ఎవరికి చెప్పమంటావు?" అన్నారు. ఆ ముక్కేదో మెసేజ్‌లోనే పెడితే ఏం పోయింది! "అందరం బాగున్నాం, దింపు సంగతి మాట్లాడాలి, ఖాళీ అయినప్పుడు చెయ్యి" అంటే సరిపోయేది కదా.

మర్యాద గురించి గోదావరి జిల్లాల వాళ్ళకి ఒకళ్ళు చెప్పాలా అనుకుంటాం. నిజమే, ఆయ్, అండీ లేకుండా మనకి మాట సాగదు. టైపు చేసేటప్పుడు కూడా గారూ అంటాం, వెనకాల రెండు దణ్ణాల బొమ్మలు పెడతాం. నా గోల వాటి గురించి కాదు. అవతలివాళ్ళు మనల్ని మళ్ళీ అడగక్కర్లేకుండా, ఊరికే కంగారు పడకుండా రాస్తే, నా లెక్కలో అదీ మర్యాదంటే. నాలుగు దణ్ణాలు పెట్టి అసలు సంగతి మింగేస్తే ఏం లాభం?

నేను కడియపులంకలో ఒక నర్సరీలో ఆఫీసు పని చూస్తాను. మెయిళ్ళు, వాట్సాప్, బిల్లులు, లారీవాళ్ళతో గొడవలు, అన్నీ నా నెత్తినే. పొద్దున్న "హాయ్ అండీ" అని వస్తుంది. "నమస్తే అండీ, చెప్పండి" అంటాను. ఇక ఉలుకూ పలుకూ ఉండదు. మధ్యాహ్నం ఎప్పుడో ఇన్‌స్టాగ్రామ్‌లో తీసిన స్క్రీన్‌షాట్ ఒకటి వస్తుంది, దాని కింద "రేటు?" అని ఒక్క మాట. ఏమని చెప్పను? అడుగు ఎత్తున్న కవరు మొక్కకి ఒక రేటు, అదే జాతి ఆరడుగులది కుండీలో ఉంటే ఇంకో రేటు, పది కావాలంటే ఒకలా, లారీ లోడు కావాలంటే ఇంకోలా ఉంటుంది, కిరాయి మళ్ళీ వేరే. ఇవన్నీ ఒక్కొక్కటే అడిగి రాబట్టేసరికి ఆయనకి విసుగు, నాకు నీరసం. మొన్న హైదరాబాద్ నుంచి ఒకావిడ పెట్టారు: "నమస్తే. మేడ మీదకి పదిహేను నందివర్ధనం మొక్కలు కావాలి, రెండడుగుల లోపు. శంషాబాద్ దాకా పంపితే మొత్తం ఎంతవుతుంది? రేపు సాయంత్రానికి చెప్పినా చాలు." ఒక్క జవాబుతో పనైపోయింది. ఆవిడ ఎక్కడా గారూ అనలేదు, అయినా నాకు చాలా మర్యాదగా అనిపించింది.

మెయిళ్ళది ఇంకో తంతు. సబ్జెక్ట్ ఖాళీగా ఉంటుంది. లేదంటే రెండేళ్ళ కిందటి మెయిల్‌కే రిప్లై కొట్టి కొత్త ఆర్డరు రాసేస్తారు, "రాయల్ పామ్ బిల్లు" అన్న సబ్జెక్ట్ కింద లాన్ గడ్డి ఆర్డరు ఉంటే రేపు వెతుక్కునేవాడికి దొరికేదెలా? అటాచ్‌మెంట్ మర్చిపోవడం అందరికీ ఉన్నదే, దానికి నేనెవర్నీ ఏమీ అనను. కానీ కుండీలు అమ్మే ఒక కంపెనీవాళ్ళు రేట్ల పట్టిక పంపుతూ కస్టమర్ల అడ్రసులన్నీ "టు"లో పెట్టేశారు. ఎవరు ఎవరి దగ్గర కొంటున్నారో ఊరందరికీ తెలిసిపోయింది. ఒకళ్ళ అడ్రసు ఇంకొకళ్ళకి కనబడకుండా పంపే బీసీసీ అనేది ఉన్నదే దీనికోసం. ఆ పైన అందరూ రిప్లై ఆల్ కొట్టి "నోటెడ్", "థాంక్యూ" అని మొదలెట్టారు చూడండి, ఆ రోజు అసలు మెయిల్ దొరకలేదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో, పంపిన మెయిల్‌ని వెంటనే వెనక్కి లాక్కోడానికి అన్‌డూ సెండ్ అని ఉంటుంది, దాన్ని 30 సెకన్లకి పెట్టుకోండి, చాలా పరువు మిగులుతుంది.

ఇవేం నేను కనిపెట్టినవి కావు. 1995 అక్టోబరులోనే ఆర్‌ఎఫ్‌సీ 1855 అని నెట్ మర్యాదల గురించి ఒక పత్రం వచ్చింది, ఇంటెల్‌లో పనిచేసే శాలీ హాంబ్రిడ్జ్ రాశారు. అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టు ఉంటుందని, కోపంలో ఉంటే తెల్లారేదాకా ఆగి జవాబివ్వమని, జవాబు రాలేదని గింజుకునే ముందు అవతలివాళ్ళు తమ దేశంలో నిద్రపోతున్నారేమో చూసుకోమని అందులో ఉంది. తెలుగులో పెద్దక్షరాలు లేవు కాబట్టి మనం ఆశ్చర్యార్థకాలు వరసగా గుద్ది అరుస్తాం. లేదా నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతాం, అందులో మూడు నిమిషాలు మోటారు చప్పుడే.

వరదల రోజుల్లో మాత్రం ఇది నవ్వులాట కాదు. "ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక" అని మెసేజ్ తిరుగుతుంది. మూడో హెచ్చరికంటే బ్యారేజీ దగ్గర 17.75 అడుగులు, గోదారి మధ్య లంకల్లో అప్పటికి ఇళ్ళు ఖాళీ చేసేసి ఉండాలి. ఆ మెసేజ్ ఏనాటిదో ఎవరికీ తెలియదు. 2022 జులై వరదల వీడియోలు ఏటా వానాకాలంలో మళ్ళీ లేస్తాయి. ఫార్వర్డ్ చేసినదానికి ఇవాళ్టి టైమే కనిపిస్తుంది తప్ప మొదట ఎవరు ఎప్పుడు పెట్టారో కనిపించదు కదా. మా చిన్న మావయ్య లంకలో కూరగాయలు వేస్తాడు. అలాంటి మెసేజ్ చూసి రాత్రికి రాత్రి మోటారు విప్పి భుజానేసుకుని, గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలాడు. తెల్లారి చూస్తే గోదారి ఉన్నచోటే ఉంది. పంపినాయన్ని అడిగితే "నాకొచ్చింది, పంపానండీ" అన్నాడు. రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 నుంచి వాట్సాప్ అలాంటివాటిని ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తోంది, అయినా మనవాళ్ళు ఓపిగ్గా ఒక్కొక్కళ్ళకీ పంపుతారు. తేదీ, టైము, ఎన్ని అడుగులు, ఎవరు చెప్పారు: ఈ నాలుగూ లేని వరద కబురు పంపకండి బాబూ.

ఇక చావు కబుర్లు. "బాబాయి ఇక లేరు" అని పెడతారు. మా గ్రూపులో బాబాయిలే పన్నెండుమంది! పన్నెండిళ్ళకీ ఫోన్లు పోతాయి. అంతకన్నా ఘోరం ఫొటో. మా దూరపు చుట్టం ఒకాయన పోయినప్పుడు ఎవరో అత్యుత్సాహంతో, పాడె సిద్ధం కాకముందే ఆయన్ని పడుకోబెట్టిన ఫొటో తీసి గ్రూపులో పెట్టేశారు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఆ పిల్లకి ఎలా చెప్పాలి, అల్లుడికి ముందు చెబుదామా అని ఇంట్లోవాళ్ళు ఇంకా అనుకుంటూనే ఉన్నారు. ఈలోపు ఆవిడ ఆఫీసులో కూర్చుని గ్రూపు తెరిచింది. కింద అప్పటికే ముప్పై "ఓం శాంతి"లు, మధ్యలో ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు కేకు.

దాని తరవాత మా గ్రూపులో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఇలాంటి కబురు ముందు ఆ ఇంటివాళ్ళే పెట్టాలి, మిగతావాళ్ళు ఆగాలి. పేరు, ఊరు, ఎన్ని గంటలకి తీస్తున్నారు, ఇవి రాయాలి. ఫొటోలు అసలు వద్దు. ఆ రోజుకి కేకులు ఆపమని కూడా చెప్పాం గానీ, ఆ ఒక్కటీ ఇంకా ఎవరూ వినట్లేదు.